ఫ్లేర్ వస్తోందని లెన్స్ మార్చేముందు: చెయ్యా, హుడ్డా, ఫిల్టర్ పీకెయ్యడమా?

మా బాబాయ్ కొడుకు కాకినాడలో పెళ్ళిళ్ళకి సెకండ్ కెమెరాగా వెళ్తుంటాడు. మొన్నొక రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేసి, అన్నయ్యా నా 50 ఎంఎం పోయినట్టుంది, స్టేజి ఫొటోలన్నీ పాలు ఒలికినట్టు తెల్లగా వచ్చాయి, ఎలాగూ సీజన్ డబ్బులొచ్చాయి కదా మంచి జూమ్ ఒకటి కొనేద్దామనుకుంటున్నా అన్నాడు. ముందు ఫొటోలు పంపరా అన్నా. చూస్తే మండపం వెనకాల రెండు పక్కలా నిలబెట్టిన పార్ లైట్లు (స్టేజి ఫోకస్ లైట్లు) సూటిగా కెమెరా మొహాన కొడుతున్నాయి, ఫ్రేములో లైట్లు కనపడవు గానీ వాటి వెలుగంతా పెళ్ళికూతురి పట్టుచీర మీద పొగమంచులా పరుచుకుని ఉంది, ఎర్రంచు కాస్తా గులాబీ రంగు అయిపోయింది. హుడ్, అదే లెన్స్ ముందు తగిలించే నీడపట్టు, పెట్టావా అంటే లెన్స్‌తో రాలేదన్నాడు. ఫిల్టర్, అంటే లెన్స్ ముందు బిగించే గాజు, ఉందా అంటే ఉందన్నాడు. ఎంతకి కొన్నావ్ అంటే నవ్వి ఊరుకున్నాడు.

లెన్స్‌కి ఏమీ కాలేదు, అది ఫ్లేర్, అంటే ఎదురులైటు లెన్స్ లోపల అటూ ఇటూ కొట్టుకుని ఫొటో మీద పరుచుకోవడం. ఇలాంటి ఫోన్లు నాకు తరచూ వస్తాయి, ఒక్కొక్కరూ ఒక్కో విరుగుడు పట్టుకుని అదే అన్నిటికీ పనిచేస్తుందనుకుంటారు, ఒకాయన హుడ్ అంటాడు, ఇంకొకాయన గాజు మీద ఖరీదైన పూత, అదే కోటింగ్ అంటాడు, ఇంకొకరు ఎలాగూ ఎడిటింగ్‌లో లాగేస్తాం కదా అంటారు. ఎవరి మాటా తప్పు కాదు, కాకపోతే ఎవరిది ఎప్పుడు పనికొస్తుందన్నది ఒక్కదాని మీదే ఉంటుంది: ఇబ్బంది పెట్టే ఆ లైటు మీ ఫ్రేము లోపల ఉందా, బయట ఉందా. అది తేల్చుకోకుండా ఏం కొన్నా సగం డబ్బులు గోదాట్లో పోసినట్టే.

తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. కెమెరాని కదపకుండా పట్టుకుని, ఎండకి కళ్ళ మీద చెయ్యి పెట్టుకుంటాం చూడండి, అలా లెన్స్ మీద ఎడమ చెయ్యి అడ్డం పెట్టండి, చెయ్యి ఫ్రేములోకి రాకుండా మీ చేతి నీడ లెన్స్ ముందు అద్దం మీద పడాలి. స్క్రీన్‌లో ఉన్నట్టుండి రంగులు చిక్కబడి నలుపు నల్లగా మారిందనుకోండి, లైటు బయట్నుంచి వస్తోంది, మీకు కావాల్సింది హుడ్. చెయ్యి ఎలా తిప్పినా తేడా రాకపోతే, లేదా చెయ్యి ఫ్రేములోకి వస్తే తప్ప ఆ మచ్చ పోవట్లేదంటే, లైటు లోపలే ఉంది, మీరు ఎన్ని హుడ్లు తగిలించినా లాభం లేదు. హిస్టోగ్రామ్ (ఎడమన చీకటి, కుడిన వెలుతురు చూపే గ్రాఫు) చూసే అలవాటున్నవాళ్ళకి ఇంకో గుర్తు, నల్లటి జుట్టో కోటో ఫ్రేములో ఉన్నా ఎడమ మూల ఖాళీగా కనిపిస్తే అది పొగలాంటి ఫ్లేరే అయ్యుంటుంది. దానికి వెయిలింగ్ ఫ్లేర్ అని పేరు. రంగురంగుల గుండ్రాలూ పలకలూ వరసగా కనిపించేవి ఘోస్టులు, అవి ఎక్కువగా లైటు ఫ్రేములో ఉన్నప్పుడో అంచుకి బాగా దగ్గరున్నప్పుడో వస్తాయి.

అసలు ఇవెందుకొస్తాయో కొంచెం తెలిస్తే ఏది కొనాలో ఎవర్నీ అడగక్కర్లేదు, అందుకని ఒక్క నిమిషం లెక్కలు. కోటింగ్ లేని మామూలు గాజు మీద వెలుతురు పడితే ఒక్కో ఉపరితలం దగ్గర దాదాపు 4 శాతం వెనక్కి తిరుగుతుంది. లెన్స్‌లో ఒక గాజు కాదు కదా. కెనాన్ 50 ఎంఎం ఎఫ్ 1.8 ఎస్టీఎం తీసుకుంటే 6 గాజులు 5 గ్రూపులుగా ఉంటాయి, అతికించిన గాజులు ఒక గ్రూపు కింద లెక్క, గ్రూపుకి రెండు ముఖాలు, అంటే గాలికి తగిలే ముఖాలు 10. అదే కంపెనీ 24-70 ఎఫ్ 2.8 ఎల్ రెండో వెర్షన్‌లో 18 గాజులు 13 గ్రూపులు, అంటే 26 ముఖాలు. వెలుతురు ఒక ముఖం మీద వెనక్కి కొట్టుకుని, ఇంకో ముఖం మీద మళ్ళీ ముందుకి కొట్టుకుని సెన్సార్ మీద పడితే అదే ఘోస్ట్, కాబట్టి ఎన్ని జతల ముఖాలుంటే అన్ని ఘోస్టులకి అవకాశం. పది ముఖాలకి 45 జతలు, ఇరవయ్యారుకి 325. కోటింగే లేకపోతే ఆ 26 ముఖాలు దాటి సెన్సార్ దాకా సూటిగా వచ్చే వెలుతురు దాదాపు మూడో వంతే. అందుకే కోటింగ్ లేని కాలంలో ఇలాంటి జూమ్‌లు చెయ్యడం అంటే మాటలు కాదు.

కోటింగ్ కథ కూడా సరదాగా ఉంటుంది. 1886లో లార్డ్ రేలీ, పాతబడి మసకబారిన గాజు కొత్త గాజు కంటే ఎక్కువ వెలుతురు పోనిస్తోందని గమనించాడు, మనమైతే ముందు పని దాన్ని తోమేసేవాళ్ళం. 1935లో జైస్ కంపెనీలో పనిచేసే అలెగ్జాండర్ స్మకులా గాజు మీద సన్నటి పొర ఎక్కించే పద్ధతికి పేటెంట్ తెచ్చాడు. పొర మందం వెలుతురు తరంగంలో నాలుగో వంతు ఉండేలా చూస్తే పొర పైనుంచి, కింద నుంచి తిరిగొచ్చే కిరణాలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఒక్క పొర ఒక రంగుకే బాగా పనిచేస్తుంది కాబట్టి తర్వాత పొర మీద పొర వేశారు, పెంటాక్స్ 1971లో సూపర్ మల్టీ కోటింగ్ అని తెచ్చింది, ఇప్పుడు మంచి మల్టీ కోటింగ్ ఉన్న ముఖం అర శాతం కూడా వెనక్కి కొట్టదు. 2008లో కెనాన్ 24 ఎంఎం ఎఫ్ 1.4 ఎల్ రెండో వెర్షన్‌తో ఎస్‌డబ్ల్యూసీ, 2014లో 100-400 రెండో వెర్షన్‌తో ఏఎస్‌సీ, నికాన్‌లో నానో క్రిస్టల్, ఆర్నియో, సోనీలో నానో ఏఆర్, ఇవన్నీ వెలుతురు వెనక్కి కొట్టకుండా వేసే పూతల పేర్లే. డబ్బా మీద ఈ అక్షరాలుంటే ఆ లెన్స్‌లో ఒకటో రెండో ముఖాల మీద ఆ ప్రత్యేకమైన పూత ఉందని అర్థం, అన్ని ముఖాల మీదా ఉందని కాదు.

ఇప్పుడు అసలు పోలిక. చెయ్యి వర్సెస్ హుడ్. నన్నడిగితే ట్రైపాడ్ మీద కెమెరా ఉన్నప్పుడు చెయ్యిని మించిన హుడ్ లేదు, ఎందుకంటే లైటు ఎటునుంచి వస్తే అటు పెట్టుకోవచ్చు, ఫ్రేము అంచుదాకా తీసుకెళ్ళొచ్చు, చెయ్యి కాకపోతే టోపీ, పెళ్ళి శుభలేఖ, ఏదైనా సరే. ఆర్కే బీచ్‌లో తెల్లారుజామున సూర్యుడు ఫ్రేము పక్కనే ఉన్నప్పుడు నేను చెప్పు అడ్డం పెట్టిన రోజులున్నాయి. కాకపోతే పెళ్ళిలో ఒక చేత్తో కెమెరా, ఇంకో చేత్తో జూమ్ తిప్పుతూ, పక్కన పెద్దాయన భుజం తోస్తుంటే ఇంక చెయ్యి ఎక్కడుంది అడ్డం పెట్టడానికి. అక్కడ హుడ్డే. పైగా కింద పడ్డప్పుడు, కుర్చీకి గుద్దుకున్నప్పుడు దెబ్బ ముందు హుడ్ తింటుంది, లెన్స్ రక్షణకి ఫిల్టర్ కొన్నామనేవాళ్ళకి నేను చెప్పేది ఇదే, ముందు హుడ్ కొనండి.

హుడ్‌లో మళ్ళీ ఏది అంటే, మీ లెన్స్‌కి కంపెనీవాళ్ళు చెప్పిన నంబరు చూసుకోండి. కెనాన్ 50 ఎస్టీఎంకి ఈఎస్-68, అది విడిగా కొనుక్కోవాలి, నికాన్ 50 ఎఫ్ 1.8 జీకి హెచ్‌బీ-47, అది లెన్స్ డబ్బాలోనే ఉంటుంది. అదే నంబరుతో వేరే కంపెనీలు చేసేవి కొన్ని వందల్లో దొరుకుతాయి, ప్లాస్టిక్ ముక్కే కదా, సరిగ్గా బిగిస్తే, లోపల నిగనిగలాడకుండా మ్యాట్‌గా ఉంటే చాలు, నేను రెండు అవే వాడుతున్నా. రేకుల్లా ఉండేవి అందానికి కాదు, ఫొటో అడ్డంగా పొడుగ్గా ఉంటుంది కాబట్టి మూలలు కోసుకుపోకుండా అక్కడ తగ్గించి పైనా కిందా పొడుగు వదిలారు, అందుకే వంకరగా బిగిస్తే మూలల్లో నల్లటి నీడ వస్తుంది. ఫోకస్ చేస్తుంటే ముందు భాగం గుండ్రంగా తిరిగే పాత కిట్ లెన్సులకి రేకులది పనికిరాదు, గుండ్రటిదే తీసుకోవాలి. రబ్బరువి ఉంటాయి మడతపెట్టేవి, వాటిని చాలామంది చిన్నచూపు చూస్తారు గానీ విశాఖ నుంచి అరకు వెళ్ళే రైల్లో కిటికీ అద్దానికి ఆనించి తీయడానికి దానంత మంచిది లేదు, లోపలి బోగీ లైట్ల ప్రతిబింబం పూర్తిగా ఆగిపోతుంది.

హుడ్ చెయ్యలేనివి కూడా చెప్పాలి. వైడ్ లెన్స్ హుడ్ పొట్టిగా పేరుకే ఉంటుంది, అంతకంటే పొడుగు పెడితే ఫ్రేములోకి వచ్చేస్తుంది మరి. జూమ్‌కి వచ్చే హుడ్ ఎక్కువగా వైడ్ వైపు కొలతకి చేసి ఉంటుంది, అదే 24-70లో 70కి వెళ్తే దాని నీడ సగం సగమే. క్రాప్ సెన్సార్ (చిన్న సెన్సార్) కెమెరా వాడేవాళ్ళకి ఇక్కడో లాభం ఉంది, 50 ఎంఎం మీద ఇంకొంచెం లోతు హుడ్ పెట్టినా మూలలు కొయ్యదు, తెల్లగోడని ఎఫ్ 16లో ఒక ఫొటో తీసి మూలలు చూసుకుంటే తెలిసిపోతుంది. కెమెరా మీద లేచే చిన్న ఫ్లాష్ వాడితే మాత్రం హుడ్ తీసెయ్యండి, ఫొటో కింద అర్ధచంద్రాకారంలో నీడ పడుతుంది. ఇంక హుడ్‌ని తిరగేసి తగిలించుకుని తిరిగేవాళ్ళ గురించి నేనేం మాట్లాడను, గొడుగు మడిచి చంకలో పెట్టుకుని వానలో నడిచినట్టుంటుంది.

ఫిల్టర్ విషయంలో నా పక్షపాతం దాచుకోను. యూవీ ఫిల్టర్ అనేది ఫిల్మ్ కాలం నాటి అవసరం, డిజిటల్ సెన్సార్ ముందు యూవీనీ ఇన్‌ఫ్రారెడ్‌నీ ఆపే అద్దం ముందే ఉంటుంది, కాబట్టి ఇప్పుడది అద్దానికి కాపలా గాజు మాత్రమే. కాపలా మంచిదే, బీచ్‌లో ఉప్పుగాలీ ఇసకా ఉన్నప్పుడు, హోలీకి, తలంబ్రాలూ పసుపూ ఎగిరేటప్పుడు నేనూ పెడతా. కానీ వేలు పెట్టి కొన్న లెన్స్‌లో ప్రతి గాజుకీ వంపు లెక్క కట్టి, పూత వేసి చేస్తే, దాని ముందు మనం బల్లపరుపు గాజు ఒకటి తెచ్చి బిగిస్తాం. బల్లపరుపు కావడమే దాని రోగం. సెన్సార్ మీద నుంచి తిరిగొచ్చిన వెలుగు దానికి తగిలి మళ్ళీ చక్కగా ఫోకస్ అయ్యి సెన్సార్ మీదే పడుతుంది. రాత్రిపూట దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి తీసి చూడండి, కుడి పైమూల లైట్లు ఎడమ కిందమూల నీళ్ళల్లో తలకిందులుగా, పచ్చగా, చిన్న చిన్న చుక్కల్లా కనిపిస్తే అది ఫిల్టర్ పనే, నూటికి తొంభైసార్లు అదే. తీసేసి మళ్ళీ తీయండి, ఉండవు.

మరి ఖరీదైన ఫిల్టరో, చౌకదో, అసలు లేకపోవడమో అంటే, చౌకది ఎప్పుడూ వద్దు, కోటింగ్ లేని గాజు రెండు ముఖాలా నాలుగేసి శాతం వెనక్కి కొడుతుంది. మల్టీ కోటెడ్ ఫిల్టర్ పగటిపూట దాదాపు తేడా తెలియనివ్వదు, దుమ్మూ నీళ్ళూ ఉన్నచోట అది ఉంచుకోండి. రాత్రి లైట్లకీ, ఎదురెండకీ, దీపాలకీ ఏదీ వద్దు. పోలరైజర్ పెడితే ఫ్లేర్ తగ్గుతుందని కొందరంటారు, అది నీటి మీదా ఆకుల మీదా మెరుపు తగ్గిస్తుంది, లెన్స్ లోపల కొట్టుకునే వెలుగుతో దానికి పనిలేదు, ఇంకో గాజు పెరగడం తప్ప.

ఇంట్లోనే పరీక్ష చేసుకోవచ్చు. గది చీకటి చేసి, ఫోన్ టార్చి వెలిగించి షెల్ఫ్ మీద పెట్టి, దాన్ని ఫ్రేములో మూల నుంచి మధ్యకి వచ్చేలా కెమెరా తిప్పుతూ ఫిల్టర్‌తో నాలుగు, లేకుండా నాలుగు తీయండి, హుడ్ కోసమైతే టార్చిని ఫ్రేము బయటికి నెట్టి తీయండి. పది నిమిషాల పని. ఇది చేసినవాళ్ళు లెన్స్ మార్చాలన్న మాట మళ్ళీ ఎత్తరు చాలావరకు.

లైటు ఫ్రేములోనే ఉంటే ఇంక మిగిలినవి మూడే, మీరు కదలడం, ఎపర్చర్ (లెన్స్ లోపల బ్లేడ్లతో తెరుచుకుని మూసుకునే కంత), లెన్స్ కోటింగ్, అదే వరసలో. ఘోస్టులు లైటు నుంచి ఫ్రేము మధ్య గుండా పోయే గీత మీదే వస్తాయి ఎప్పుడూ, కాబట్టి అడుగు పక్కకి జరిగితే మచ్చ మొహం మీద నుంచి చీర మీదకో, ఆకాశంలోకో పోతుంది. లైటు సరిగ్గా మధ్యలో ఉంటే ఘోస్టులన్నీ దాని మీదే పడి దాక్కుంటాయి. ఇంకా మంచిది దాన్ని దేని వెనకాలైనా దాచెయ్యడం, గోపురం, కొబ్బరి మట్ట, పెళ్ళికొడుకు తలపాగా, ఏదో ఒకటి. ఎపర్చర్ తెరిచి ఉంచితే ఘోస్టులు పెద్దగా పలచగా అంటీముట్టనట్టుంటాయి, ఎఫ్ 16కి మూస్తే చిన్నగా, అంచులు స్పష్టంగా, బ్లేడ్ల ఆకారంలో పలకలు కట్టి కనిపిస్తాయి. అటు నక్షత్రంలాంటి కిరణాలు కావాలంటే మూయాల్సిందే, 7 బ్లేడ్లుంటే 14 కిరణాలు, 8 ఉంటే 8, ఆ కిరణాలు ఫ్లేర్ కాదు లెండి, బ్లేడ్ల అంచుల దగ్గర వెలుతురు వంగడం వల్ల వచ్చేవి. డీఎస్‌ఎల్‌ఆర్‌లో చిక్కేంటంటే వ్యూఫైండర్ ఎపర్చర్ తెరిచే చూపిస్తుంది, తీసే ఫొటోలో ఘోస్టు ఎలా ఉంటుందో కంటికి తెలియదు, తీసి చూసుకోవాలి. ఒక జాగ్రత్త, పొడుగు లెన్స్ పెట్టి డీఎస్‌ఎల్‌ఆర్ వ్యూఫైండర్లోంచి సూర్యుణ్ణి చూడొద్దు, కళ్ళు పోతాయి, లైవ్ వ్యూ, అంటే వెనక స్క్రీన్‌లో చూడటం, పెట్టుకోండి.

ఇవన్నీ అయ్యాక కూడా ఎదురెండలో రోజూ పని చేసేవాళ్ళైతే, అప్పుడు లెన్స్ గురించి ఆలోచించండి. ప్రైమ్‌లో, అంటే జూమ్ లేని లెన్స్‌లో, గాజులు తక్కువ కాబట్టి అదే ధరలో జూమ్ కంటే ఎదురులైటుకి బాగా నిలబడే అవకాశం ఎక్కువ, కానీ ఇదేం చట్టం కాదు, పాత ప్రైమ్ కంటే కొత్త నానో కోటింగ్ జూమ్ శుభ్రంగా ఉండొచ్చు. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు మాత్రం టార్చి పరీక్ష షాపులోనే చెయ్యాలి, వెనకనుంచి టార్చి కొట్టి లోపల సాలెగూడులా తెల్ల పోగులున్నాయేమో చూడాలి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల బీరువాలో పడేసిన లెన్స్‌కి ఫంగస్ పట్టడం మామూలే, అది పట్టిన లెన్స్ ఏ లైటుకైనా తెల్లబడుతుంది, దానికి హుడ్డూ లేదు కోటింగూ లేదు. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి, చిన్న హైగ్రోమీటర్ పెట్టి తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. లోపల ఒకటి రెండు దుమ్ము రేణువులుంటే కంగారు పడక్కర్లేదు, వాటికంటే ముందు గాజు మీద వేలిముద్ర చాలా చేటు. దాన్ని పంచె కొంగుతో తుడవకండి, ముందు బ్లోయర్‌తో దుమ్ము ఊది, తర్వాత మైక్రోఫైబర్ గుడ్డ.

ఫోన్‌తో తీసేవాళ్ళకి పెద్దగా ఎంపికల్లేవు. జేబులోంచి తీయగానే కెమెరా గాజు తుడవండి, వీధి దీపం నుంచి పొడుగ్గా లాగినట్టు గీతలు వస్తున్నాయంటే అది నూనె మరకే. రాత్రి ఫొటోలో పచ్చ చుక్క తేలుతుంటే ఫోన్ కొంచెం వంచి చూడండి, లైటు ఎటు కదిలితే అది రెండోవైపు పోతుంది, ఆకాశంలో చీకటి మూలకి నెట్టేస్తే తర్వాత వేలితో చెరిపెయ్యొచ్చు. ఆ కెమెరా మీద అంటించే గాజు స్టిక్కరు ఉంటే అది కూడా చౌక ఫిల్టరే.

ఎడిటింగ్‌లో లాగేస్తాం అనేవాళ్ళకి, చిన్న చిన్న ఘోస్టులు ఆకాశం మీదో గోడ మీదో ఉంటే హీల్ బ్రష్‌తో నిమిషంలో పోతాయి, నిజమే. మొహం మీదా జరీ మీదా ఉంటే అరగంట కూర్చున్నా అతుకు కనిపిస్తుంది. పొగలాంటిదానికి డీహేజ్ (పొగమంచు తగ్గించే స్లైడర్) లాగితే నలుపు వస్తుంది గానీ నీడల్లో గ్రెయిన్ లేస్తుంది, చర్మం బూడిద రంగు కొడుతుంది. ట్రైపాడ్ ఉంటే మాత్రం ఒక చక్కటి ఉపాయం ఉంది, ఒక ఫొటో మామూలుగా, ఇంకోటి సూర్యుణ్ణి బొటనవేలితో మూసి తీయండి, రెండో దాంట్లో ఘోస్టులుండవు, ఫొటోషాప్‌లో రెండూ కలిపి వేలున్నచోట మాత్రం మొదటిది ఉంచుకుంటే సరి. కదలని దృశ్యాలకే ఇది, అక్షింతలు వేసేటప్పుడు కాదు.

ఫ్లేర్ కావాలనుకునేవాళ్ళూ ఉన్నారు, సాయంత్రం ఎండలో ప్రీ వెడ్డింగ్ షూట్‌లకి హుడ్ తీసి, హేలియోస్ 44-2 లాంటి పాత రష్యన్ 58 ఎంఎం లెన్స్ అడాప్టర్ మీద తగిలించి మరీ తీస్తారు. ఇష్టమైతే తీయండి, ఒకటే మాట, అదే ఫ్రేము చెయ్యి అడ్డం పెట్టి కూడా ఒకటి తీసి ఉంచుకోండి, ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి మొహాలు కనిపించాలి.

మా తమ్ముడు జూమ్ కొనలేదు. ఫిల్టర్ పీకి సంచిలో పడేశాడు, హుడ్ ఆర్డర్ పెట్టాడు. తర్వాతి పెళ్ళి ఫొటోలు పంపాడు, చీర ఎర్రగానే ఉంది, ఒక్క జీలకర్రా బెల్లం ఫొటోలో మాత్రం పెళ్ళికొడుకు చెవి పక్కన పచ్చగా ఒక గుండ్రం. ఈసారి లైటు ఫ్రేములోనే ఉందన్నయ్యా, ఇప్పుడేం కొనాలి అన్నాడు. ఏం కొనొద్దురా, ముహూర్తానికి అరగంట ముందు వెళ్ళి లైట్లు పెట్టే కుర్రాడికి ఒక టీ ఇప్పించి, ఆ వెనక లైటు రెండడుగులు పక్కకి జరిపించు అన్నా.